వాణిజ్య విద్యాలయమున ధర్మబోధ: ఒక సంవాదము

వర్తకుడు: ఆచార్యులవారూ, మా అమ్మాయి మీ విద్యాలయమున ఎం.బి.ఏ. చదువుచున్నది గనుక ఈ ప్రశ్న అడుగు హక్కు నాకు గలదని భావింతును. మార్కెటింగునకు, ఫైనాన్సునకు, గణాంకములకు పోగా మిగిలిన కొద్ది గంటలలో మీరు పిల్లలకు వ్యాపారధర్మము నేర్పుదుమని చెప్పుచున్నారు. పుట్టినింట ఇరువది రెండేండ్లలో అబ్బని సత్యసంధత, ఉద్యోగముల ఎంపిక ముగిసి సగము బెంచీలు ఖాళీయైన కడపటి టర్మున, శనివారపు తరగతిలో అబ్బునా? అబ్బునని మీరు మనసా నమ్ముచున్నారా, లేక గుర్తింపునిచ్చు సంస్థలు అడుగుచున్నవి గనుక పెట్టితిరా?

ఆచార్యుడు: రెండును నిజమే, శెట్టిగారూ. అడిగిరి గనుక పెట్టితిమి. పెట్టి బోధించిన పిదప నాకు నమ్మకము కుదిరినది. అయితే నేను నమ్మునది మీరనుకొను విషయము కాదు. దొంగతనము తప్పని నేను ఎవ్వరికిని నేర్పనక్కరలేదు, అది తెలియని పిల్లవాడు మా గడప త్రొక్కడు. వానికి తెలియనిదేమనగా, కార్యాలయములో దొంగతనము దొంగ ముఖముతో రాదనునది. అది పై అధికారి చిరునవ్వుతో వచ్చును. ఈ త్రైమాసికమున కొంచెము తక్కువ పడినది, వచ్చే నెల ఇన్వాయిసును ఈ నెల తేదీతో వేయుము, మరల సరిచేసికొందుమను మాటగా వచ్చును. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న తన సంస్థ పాలకమండలికి వ్రాసిన లేఖలో బ్యాంకులలో ఉన్నట్లు చూపిన 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. ఆ లేఖలోనే, వాస్తవమునకు లెక్కకు నడుమ అంతరము తొలుత స్వల్పముగా నుండెననియు, ఏండ్లు గడచుకొలది అదుపు తప్పెననియు ఆయనయే చెప్పెను. ఆ స్వల్పమైన తొలి అంతరమును చూచినప్పుడు గుర్తుపట్టి దానికొక పేరు పెట్టగల చూపును నేను తరగతిలో అలవరింపజూచుచున్నాను. గుణమును పుట్టింతునని నేనెన్నడును అనలేదు. ఉన్న గుణమునకు కన్నులిత్తునని మాత్రము అందును.

వర్తకుడు: సత్యము పేరు మీరే ఎత్తితిరి గనుక నేనక్కడనే నిలుతును. రామలింగరాజు చదువురాని మోటువర్తకుడు కాడు. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. పట్టము పొందినవాడు. అది ఒక ప్రక్క నుంచుడు. ఆ సంస్థ పాలకమండలిలో బయటి డైరెక్టర్లుగ నుండినదెవరు? హైదరాబాదు ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను ఎం. రామమోహనరావు ఒకరు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడు, సంస్థల ఆర్థికపత్రముల విశ్లేషణపై ప్రపంచమంతట పాఠ్యపుస్తకముగ నడచు గ్రంథమును సహరచన చేసిన కృష్ణ పాలెపు మరియొకరు. 2008 డిసెంబరు 16న రాజుగారి కుటుంబీకుల మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనవలెనను ప్రతిపాదన ఆ మండలి ముందుకు వచ్చినది. అధ్యక్షత వహించినది డీనుగారు. సందేహములు కొన్ని అడిగిరి. అడిగి ఏకగ్రీవముగ ఆమోదించిరి. వాటాదారులు గగ్గోలు పెట్టి ధర కూలిన తరువాత గాని ఆ నిర్ణయము వెనుకకు పోలేదు. అంతకు మూడు నెలల ముందే ఆ సంస్థకు ఉత్తమ పరిపాలనకై గోల్డెన్ పీకాక్ పురస్కారము వచ్చియుండెను. చదువుకొన్నవాడు లెక్క తారుమారు చేసెను, చదువు చెప్పువారు పక్కన కూర్చుండిరి, పరిపాలనను కొలుచువారు బహుమతి ఇచ్చిరి. ఇక మీ చూపు ఎచ్చటకు పోయినది?

ఆచార్యుడు: ఆ ప్రశ్న మా వృత్తిలోని ప్రతివాడును తన్ను తాను అడుగుకొన్నదే. న్యాయముగ చెప్పవలసినది ఒకటి గలదు: 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము దోషులుగ తేల్చిన పదిమందిలో ఆ ఆచార్యులిరువురును లేరు, డీనుగారు పాలకమండలిని విడిచిన కొలదిదినములకే, లేఖ బయటపడిన పిదప, తన విద్యాలయపదవిని కూడ వదలుకొనిరి. అయినను మీ వాదబలము దీనివలన తగ్గదు. నేరము చేయకుండుట వేరు, నేరము జరుగుచోట కన్ను తెరచియుండుట వేరు. కన్ను తెరపింతునని ఇప్పుడే నేను చెప్పితిని గనుక ఈ దెబ్బ నాకే తగులును.

కాని కథ అక్కడితో ముగియలేదు. సత్యమును నిలబెట్టుటకు ప్రభుత్వము క్రొత్త మండలిని వేసినప్పుడు అందులో మన చెన్నపురికి చెందిన చార్టర్డ్ అకౌంటెంటు టి.ఎన్. మనోహరన్ ఉండెను. ఆయన విద్యార్థులకై ఆదాయపు పన్ను పాఠ్యపుస్తకము వ్రాసినవాడు, బోధకుడు. లెక్క ఏదో తెలియని సంస్థలో దాదాపు ఏబదివేలమంది ఉద్యోగుల జీతములు ఆగకుండ చూచి, కొద్దినెలలలో క్రొత్త యాజమాన్యమునకు అప్పగించినవారిలో ఆయన ఒకడు. పుస్తకము వ్రాసిన చేయి ఒకచోట ఆమోదముద్ర వేసినది, మరియొకచోట ఇల్లు చక్కబెట్టినది. కాబట్టి చదువు ధర్మమునకు హామీ కాదని మీరన్నచో ఒప్పుకొందును. చదువు నిష్ప్రయోజనమన్నచో ఒప్పుకొనజాలను.

వర్తకుడు: నిష్ప్రయోజనమని నేననను. చోటు తప్పినదందును. భారతమున శాంతిపర్వములో జాజలి కథ మీరెరుగుదురు. తలపై పక్షులు గూడు కట్టి గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపునంత కాలము కదలక తపస్సు చేసి, తనంత ధర్మజ్ఞుడు లేడని విఱ్ఱవీగిన ఆ మునికి, కాశిలో సరకులు తూచి అమ్ముకొను తులాధారుడను వర్తకునికడకు పొమ్మని ఆకాశవాణి చెప్పినది. ఆశ్రమములు ఎన్ని లేవు? అయినను పంపినది అంగడికి. నేను చిన్ననాట గోవిందప్ప నాయకుని వీధిలో మా నాయనగారి కొట్టున కూర్చుండి నేర్చిన మొదటి పాఠము మిరపకాయల తూకము. సంచిని ముందు వట్టిదిగ తూచి, ఆ బరువును పలకపై సుద్దతో వ్రాసి, కొనువాడు చూచునట్లు పెట్టి, పిమ్మట సరకు నింపి తూచుట మా నాయనగారి పద్ధతి. పక్కకొట్లవారు సంచికి ఇంత అని అందాజుగ తీసివేయుదురు. ఆ అందాజు ఎప్పుడును అమ్మువానికే అనుకూలముగ నుండును. దీనిని గూర్చి ఆయన నాకొక్క మాటయు చెప్పలేదు. వేయిసార్లు చేయగా చూచితిని. ఏబదియేండ్లయినను వట్టి సంచి తూచక సరకు పోయుటకు నా చేయి రాదు.

ఆచార్యుడు: మీ నాయనగారికి నమస్కారము. అట్టి గురువు దొరకినవానికి నా తరగతి అక్కరలేదని ఒప్పుకొందును. కాని మీరు నన్ను మన్నింతురేని ఒక్కటి అడుగుదును. ఆ కొట్టులో చిట్టా ఒక్కటియే యుండెనా?

వర్తకుడు: ...రెండుండెను. అమ్మకపు పన్నువారికి చూపునది ఒకటి, మేము చూచుకొనునది ఒకటి. ఆ కాలమున రెండవ నంబరు లెక్క లేని కొట్టు మా వీధిలో ఎన్నదగినన్ని లేవు. మీరడిగినారు గనుక దాచను.

ఆచార్యుడు: దాచకుండుట మీ గొప్పతనము. నేను మీ కుటుంబమును తప్పుపట్టుటకై అడుగలేదు. ఆదర్శమును చూచి నేర్చుకొన్నవాడు చూచినదంతయు నేర్చుకొనును. వట్టి సంచిని తూచుట నేర్చినచోటనే రెండవ చిట్టా వ్రాయుటయు నేర్చును, ఒకటి మంచిది, ఒకటి కాదని వేరుచేయు విచారణ చూపులో లేదు. ఈ నగరముననే ఆర్బత్‌నాట్ సంస్థను తలచుకొనుడు. దాదాపు శతాబ్దము మద్రాసులో ఆ పేరే పరువు. పింఛనుదారులు, వితంతువులు, గుడుల ధర్మకర్తలు తమ సొమ్మును అందులో దాచుకొనిరి. 1906 అక్టోబరు 22న తలుపులు మూసెను. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను. ఆ సంస్థలో గుమాస్తాలుగ చేరినవారెల్లరు పెద్దలను చూచియే కదా పని నేర్చినది! అక్కడ తరగతి గది లేదు, అంతయు ఆదర్శమే. ఆ పతనమును చూచి ఊరకుండక, ఎందుకిట్లయ్యెనని తర్కించి, వాదించి, సభలు పెట్టిన వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారి ప్రయత్నమున మరుసటి యేటనే ఇండియన్ బ్యాంకు పుట్టినది.

మీరు చెప్పిన తులాధారుని సంగతియు ఇంతే. జాజలి వచ్చి త్రాసును చూచి, సంగతి గ్రహించి వెడలిపోలేదు. తులాధారుడు అధ్యాయములకొలది మాటలాడెను. జాజలి ఎదురుప్రశ్నలు వేసెను, కోపించెను, నాస్తికుడవనెను, తులాధారుడు సమాధానమిచ్చెను. అంగడిలో జరిగినదైనను అది తరగతియే.

వర్తకుడు: ఆ మాట నిజము. చూపు ఒక్కటే చాలదని ఒప్పితిని. కాని మాట ఒక్కటియు చాలదు గదా! తులాధారుని మాట వినదగినదైనది అతని త్రాసు సరిగానున్నందున. ఇక మీ త్రాసును చూతము. చెప్పుటకు నాకు బాధగనున్నది. అయినను చెప్పకపోయినచో ఈ సంభాషణయే వ్యర్థము.

వేసవిలో మా అమ్మాయి ప్రాజెక్టు చేసినది. చెన్నైలో ద్విచక్రవాహనములు కొనువారి అభిరుచులు అను విషయము. నూరుగురిని కలిసి నూరు ప్రశ్నావళులు నింపించి తేవలెను. అన్నానగరులోను తాంబరములోను ఎండలో తిరిగి ముప్పదియేడు తెచ్చినది. గడువు దగ్గరపడినది. ఒకనాటి రాత్రి హాస్టలు గదిలో నలుగురు కూర్చుండి, నీలము సిరా కొన్నిటికి, నలుపు సిరా కొన్నిటికి, ఒకరిదొకరు మార్చుకొని, చేవ్రాత కలియకుండునట్లు, మిగిలినవి నింపిరి. వయస్సు ఇరువది అయిదు నుండి ముప్పది, ఆదాయము ఇంత, మైలేజి ముఖ్యము అని టిక్కులు. గీతలు మరీ ఒక్కతీరుగనున్నచో అనుమానము వచ్చునని అక్కడక్కడ కొట్టివేసి దిద్దిరి కూడ. తెల్లవారి వానిని కంప్యూటరులో ఎక్కించి కై-స్క్వేరు పరీక్ష చేసి, పరికల్పన నిరూపితమైనదని వ్రాసిరి. బంగారు అక్షరముల అట్టతో బైండు చేయించిరి. మొదటి పుటలో ఇది విద్యార్థిని స్వయముగ చేసిన పని యని ధ్రువపత్రము, దానిక్రింద గైడుగారి సంతకము. ఈ సంగతి మా అమ్మాయి నాకు సిగ్గుతో చెప్పలేదు, ఆచార్యులవారూ. అందరును చేయుదురు నాన్నా, సార్లకును తెలుసునని మామూలుగ చెప్పినది. నన్ను కలచినది ఆ మామూలుదనమే.

సత్యములో ఏమి చేసిరి? లేని అమ్మకములకు ఇన్వాయిసులు పుట్టించిరి, లేని డిపాజిట్లకు రసీదులు పుట్టించిరి. ఆడిటర్లు బ్యాంకును స్వయముగ విచారింపక సంతకము చేసిరి. లేని మనిషికి ప్రశ్నావళి పుట్టించుటకును దీనికిని వాసిలో భేదమేమి? మీరు ధర్మము నేర్పుట లేదని నేననుట లేదు. మీరు మిక్కిలి బాగుగ నేర్పుచున్నారు; ఏది రాసినను సంతకము పడునను పాఠమును, రెండేండ్లు, క్రమము తప్పక నేర్పుచున్నారు. శనివారపు తరగతి దానికెదురు నిలువలేదు.

ఆచార్యుడు: దీనికి నాకడ సిద్ధమైన జవాబు లేదు. ఒక్కొక్క గైడునకు ఇరువది ముప్పది నివేదికలు వారములో వచ్చి పడును, ఎవరు ఎవరిని కలిసిరో వెదకు వ్యవధి యుండదని చెప్పవచ్చును. అది వాస్తవమే. కాని వెదకలేకుండుట వేరు, అసలు అడుగకుండుట వేరు. మేము అడుగుట లేదు.

మీకు తెలియని ఇంకొక సంగతిని నేనే చెప్పుదును. నిజాయితీపై పరిశోధనలతో పేరొందిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యురాలు ఫ్రాన్సెస్కా జీనోను, పరిశోధనాంకములు తారుమారైనవను ఆరోపణపై 2023లో సెలవుపై పంపిరి. 2025లో ఆమె శాశ్వతపదవిని రద్దుచేసిరి. ఆమె ఆ ఆరోపణను ఒప్పుకొనలేదు. ఏమైనను, నింపిన ప్రశ్నావళి హాస్టలు గదిలో మొదలై ఎంతదూరము పోగలదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

వర్తకుడు: అయినచో నా పక్షమునకు వచ్చితిరా?

ఆచార్యుడు: లేదు. మీరు చెప్పినది నా పనిని కష్టతరము చేసినది గాని అనవసరము చేయలేదు. ప్రిన్స్‌టన్‌లో మతవిద్యార్థులపై జరిగిన పరీక్షయొకటి 1973లో ప్రకటితమైనది. దారిలో పడియున్నవానిని ఆదుకొన్న దయాళువు కథపై ప్రసంగింపుడని కొందరిని ఒక భవనమునుండి మరియొక భవనమునకు పంపి, దారిలో మూలుగుచున్న మనిషినొకనిని ఉంచిరి. సమయమున్నవారిలో నూటికి 63 మంది ఆగిరి. ఆలస్యమైనదని తొందరపెట్టబడినవారిలో 10 మంది. ప్రసంగవిషయము ఆ కథయే యగుట వారి నడవడిని చెప్పుకోదగినంతగ మార్చలేదు. మీరిది నాకు వ్యతిరేకమందురు. నాకు తోచునది వేరు. మీ అమ్మాయి చెడ్డది కాదు, ముప్పదియేడు తెచ్చినంతవరకు ఎండలో తిరిగినది. ఆమెను మార్చినది గడువు. ఉద్యోగమున చేరిన తరువాత ప్రతి త్రైమాసికమును గడువే. నెత్తిపై లక్షల విద్యారుణము, వెనుక కుటుంబము. కాదని పలుకుటకు ఎంత మూల్యమో లెక్కగట్టి, పలుకవలసిన మాటను ముందుగనే నోట సాధన చేయుటకు జీతము మొదలుకాని ఈ రెండేండ్లకంటె వేరు చోటు ఆ పిల్లకు జీవితములో దొరకదు.

ఇంకొక కష్టము గలదు, అది మా ఇంటిలోనిదే. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తొలి డీనైన సుమంత్ర ఘోషాల్ మరణానంతరము 2005లో వెలువడిన వ్యాసమున, మేము బోధించు సిద్ధాంతములే విద్యార్థులను నైతికబాధ్యతనుండి విముక్తులను చేయుచున్నవని వాదించెను. మనుష్యుడు స్వార్థము తప్ప యెరుగడను ఊహపై పాఠములు కట్టి సోమవారమునుండి శుక్రవారమువరకు చెప్పి, శనివారము అట్లు ఉండకుడని నేను చెప్పవలెను. అందువలన ధర్మమును ప్రత్యేక తరగతిగ కాక లెక్కల తరగతిలో, అమ్మకముల తరగతిలో, నియామకముల గదిలో చెప్పవలెనని నేను కోరుచున్నాను. మన లయోలా వాణిజ్య విద్యాలయమున ఎ.సి. ఫెర్నాండో భారతీయ దృష్టితో వ్యాపారనీతిపై పెద్ద పాఠ్యగ్రంథమునే వ్రాసెను. గ్రేట్ లేక్స్ విద్యాలయమువారు మణమై చుట్టుపట్ల పల్లెలకు విద్యార్థులను కర్మయోగమను పేర పంపుచున్నారు. ఇవి చిన్నవి కావు. అయినను లెక్కల మాస్టారు నోరు మెదపనంతవరకు ఇవి ప్రక్కవాటాలుగనే మిగులును.

వర్తకుడు: గ్రంథములను, పల్లె ప్రయాణములను నేను తక్కువ చేయను. హార్వర్డు పిల్లలు 2009లో పట్టము పుచ్చుకొనునపుడు వైద్యులవలె ప్రమాణము చేసిరని కూడ చదివితిని. ప్రమాణములపై నాకు ఆశ తక్కువ. మా బజారులో ప్రమాణము చేసి అమ్మువాని సరకును రెండుసార్లు తూతురు. నేను కోరునది చిన్నది. ప్రశ్నావళితోపాటు, ఇష్టపడిన పదిమంది ఫోను నంబర్లు ఇమ్మనుడు. అందులో ఇద్దరికి గైడుగారు ఫోను చేయవలెను. ముప్పదియేడు తెచ్చినది ముప్పదియేడని వ్రాసినచో మార్కు తగ్గింపకుడు. ఉద్యోగముల సగటు జీతమును పత్రికలలో వేయునప్పుడు, ఉద్యోగము దొరకనివారిని లెక్కలోనుండి తీసివేయకుడు. ఇంతే.

ఆచార్యుడు: ఫోను చేసి పట్టుకొనుట కాపలాయగును, బోధ కాదు. ఫోను చేయని ఏట మరల నింపుదురు. పట్టుబడిన పిదప, ఎందుకు చేసితిరని, చేయనిచో ఏమయ్యెడిదని, గడువు ఇచ్చిన మా తప్పెంతయని తరగతిలో చర్చింపని కాపలా పిల్లవానికి తెలివిగ దాచుట నేర్పును. జీతముల లెక్క నా చేతిలోనిది కాదు. పాలకవర్గము దానిని ప్రకటనగ చూచును, ప్రక్క విద్యాలయము ఎక్కువ చూపగా మేము నిజము చూపినచో సీట్లు మిగులునని భయపడును. ఆ భయము నిరాధారమని నేననలేను.

వర్తకుడు: వట్టి సంచిని తూచినందుకు మా నాయనగారికి బేరములు తప్పినవి, ఆచార్యులవారూ. కొన్ని ఏండ్లు బాగుగనే తప్పినవి.

ఆచార్యుడు: ఆ మూల్యమును ఒక మనిషి చెల్లింపగలడు. సంస్థ చెల్లించునా అనునది నాకు తెలియదు. మీరడిగిన ఫోను సంగతి మాత్రము నా చేతిలోనిదే. ఒక్క మాట ముందుగ చెప్పుదును. ఇద్దరికి ఫోను చేసిన మొదటి యేటనే నివేదికలు సగము నిలువవు. అప్పుడు తల్లిదండ్రులు డైరెక్టరుగారి గదికి వత్తురు, లక్షలు కట్టితిమి, అందరును చేయునదే కదా అని. ఆనాడు మీరెక్కడ నిలుతురు?

వర్తకుడు: మా అమ్మాయి నివేదికనే మొదట తీయుడు. తప్పిన టర్మునకు ఫీజు మరల కట్టుదును. డైరెక్టరుగారి గదికి రాను. కాని తీసిన నాడు ఆ పిల్లతో మీరు చేయదలచిన చర్చ మాత్రము శనివారమునకు వాయిదా వేయకుడు.